ఖైరున్ పేరులో చివరి దెబ్బ

ముప్పై ఏళ్లు వికారాబాద్ బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. బోర్డు మీద తప్పు కనిపిస్తే ఆ హోటల్లో టీ కూడా తాగను. అందుకే సినిమా పేరు ఎలా రాయాలా అని రాకేష్, అమూల్య కొట్టుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

ఇద్దరూ నా పాత విద్యార్థులే. చిన్న సినిమా తీస్తున్నారు. ఎప్పుడో తాండూరు నాపరాతి గనుల దగ్గర మాయమైన అమ్మాయి కథ. దర్శకుడు రాకేష్‌కు 'ఖైరూన్' కావాలి, కథ రాసిన అమూల్యకు 'ఖైరున్'. డబ్బు పెట్టిన రాకేష్ మేనమామ ఖ వత్తే వద్దు, 'కైరున్' చాలంటాడట. నెల రోజుల్లో పోస్టర్ మూడుసార్లు మారింది. నేను ఖైరున్ అన్నాను. రాకేష్ మూతి ముడుచుకున్నాడు.

మొదటి సీన్‌లో పేరు రాతి మీద కనబడాలన్నారు. తాండూరులో గులాం నబీ దగ్గరికి తీసుకెళ్లాను. సమాధి బండలు చెక్కడంలో అతనిది పేరున్న చెయ్యి. ఆ ఇంట్లో ఒక రివాజుంది. పేరులో చివరి గీత తాను చెక్కడు. ఉలి, సుత్తె పోయినవాళ్ల రక్తసంబంధీకులకు ఇస్తాడు. వాళ్లు ఆ దెబ్బ కొడితేనే మనిషి పోయినట్టు.

"ఏం పేరు సారూ?"

"ఖైరున్."

నబీ చేతిలో సుత్తె ఆగింది.

"గది నా చెల్లె పేరు. దోపార బువ్వకు గనిల ఉన్న అబ్బాకు రొట్టెలు పట్కపోయింది. పదహారేండ్లు. మూట గని ఒడ్డు మీద దొరికింది, పిల్ల దొరకలే. అబ్బా నాతోని బండ చెక్కిపిచ్చిండు. అమ్మీ సుత్తె పట్టలే, అబ్బాను పట్టనియ్యలే. 'నా బిడ్డ వస్తది' అన్నది. సచ్చేదాంక కొట్టలే. నేను గూడ కొట్టలే. నలభై ఏండ్ల సంది తలుపుకు గొళ్లెం పెట్టలే సారూ."

రాకేష్ మెల్లగా అడిగాడు. "చాచా, గా బండ మీద పేరు ఎట్ల రాసిన్రు?"

నాకు ఒళ్లు మండింది. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ నబీయే లేచాడు. "రాండ్రి. సూస్తే మీ పంచాయితీ తెగుతది."

ఇంటి వెనక షెడ్డులో ఆ బండ గోడకు ముఖం పెట్టి ఉంది. తల్లిని మట్టి చేసిన రోజు నబీయే దాన్ని అలా తిప్పి, అడ్డంగా ఇరవై బండలు పేర్చాడట. వాటి మీద పన్నెండేళ్ల దుమ్ము. నలుగురం గంటసేపు తీశాం. చివరికి ఆ బండను ఇటు తిప్పాం.

ఖైరున్.

"నేను చెప్పలేదా?" అనబోయి, నబీ ముఖం చూసి అమూల్య ఆగిపోయింది.

చివరి న మీద పొల్లు ఉంది.

"ఇది లేకుండె," అన్నాడు నబీ. "నేను తిప్పిన్నాడు గీడ ఖాళీ ఉండె." వేలితో తడిమాడు. మిగతా అక్షరాల్లో దుమ్ము పేరుకుని నల్లగా ఉంది. పొల్లు తెల్లగా ఉంది. నబీ వేలికి రాతిపొడి అంటింది.

నేను వంగి ఆ పొల్లునే చూస్తుండిపోయాను. రాకేష్ ఎప్పుడు బయటికి పోయాడో కూడా చూడలేదు.

"గాటు సూడుండ్రి సారూ. నావన్నీ గిటు వాలినయ్, ఇదొక్కటి అటు. మా ఇంట్ల ఎడమ చేత్తోని సుత్తె పట్టేది అదొక్కతే. అబ్బా తిడుతుండె."

అతనికి భయం వేయలేదు. కోపం వచ్చింది. బండ ముందు కూలబడి, ఇంట్లో మనిషిని కసిరినట్టే కసిరాడు. "గింత దూరం వచ్చినవ్. అన్నా అని ఒక్కపారి పిలిస్తే ఏం పోతుండె నీకు?" ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

సినిమా పేరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బయల్దేరేటప్పుడు నబీ గుమ్మం దాకా వచ్చాడు. తుప్పు పట్టిన గొళ్లెం మీద చెయ్యి వేశాడు.

"ఆఖరి దెబ్బ అదే కొట్టుకున్నది. ఇగ పెట్టుకోవచ్చు సారూ."

పెట్టబోయి ఆగాడు. చీకటిగా ఉన్న ఇంటి లోపలికి చూశాడు, తర్వాత మా వెనక రోడ్డు కేసి చూశాడు.

"ఖైరూ," అని పిలిచాడు. "లోపట ఉన్నవా, బయట ఉన్నవా?"