బయ్యారం మిరప చేలో ఎరుక పాఠం

ఇరవై ఆరేళ్లు జనగామలో తెలుగు పాఠాలు చెప్పిన నా గొంతు, నిరుడు ఆపరేషన్ తర్వాత బొంగురుపోయింది. బడిలో రికార్డులు రాసే పని ఇచ్చారు. తరగతి గదుల ముందు నుంచి నడిచేటప్పుడు తల దించుకునేవాణ్ణి. సార్‌ని కాకపోతే ఇక నేనెవరిని? ఉన్నది ఒక్కటే, రెండోది లేదని బోధించే తత్వ గురువులు మా వైపు పల్లెల్లో ఇంకా ఉన్నారు. బయ్యారం దగ్గర మల్లమ్మ అనే కూలీ అవ్వ ఆ బోధ చెబుతుందని తోటి టీచరు అంటే, ఒక ఆదివారం బయలుదేరాను.

పొద్దున్నే రైలెక్కితే మహబూబాబాద్ దాదాపు రెండు గంటలు. అక్కడి నుంచి బయ్యారం బస్సులో మరో ముప్పావు గంట. టికెట్ యాభై లోపే. తర్వాత ఆటో. నడిపే యాకూబ్ నా గొంతు విని, జలుబనుకుని దారిలో ఆపి అల్లం చాయ్ తాగించాడు. అవ్వ గురించి అడిగితే, "మా అమ్మీ గూడ పోతది అన్నా. ఆమె కాడ జర కూసుంటే పరేషాన్ తగ్గుతదంటది" అన్నాడు.

అవ్వ ఇంట్లో లేదు, మిరప చేలో ఉంది. డెబ్బై దాటిన మనిషి. నన్ను చూసి కూడా కాయ ఏరడం ఆపలేదు. నేనూ పక్క సాలులో వంగి ఏరుతూ నా కథంతా చెప్పాను. గొంతుతోపాటు నేనూ పోయినట్టే ఉందన్నాను.

"గొంతు పోయిందని నీకెట్ల ఎరుక, బిడ్డా?"

వినబడుతోంది కదా అన్నాను.

"మంచిగున్నప్పుడు ఎరుకైంది, పోయినంక ఎరుకైంది. గొంతు మారింది. గా ఎరుక మారిందా? గదే నువ్వు."

ఈ మాట పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివానో, పిల్లలకు ఎన్నిసార్లు వివరించానో. నాకు తగిలింది మాత్రం అప్పుడే. గొంతు బాగవుతుందా అని అడిగితే, అది దవాఖానోళ్ల పని అని నవ్వింది.

సాయంత్రం నాలుగింటికి ఆమె అరుగు మీద పదిమంది కూలీలు చేరారు. అవ్వకు చదువు రాదు. తన గురువు రాసిచ్చిన తత్వాల నోటుబుక్కు నా చేతిలో పెట్టి చదవమంది. ఎనిమిది నెలల తర్వాత జనం ముందు నోరు విప్పాను. మొదటి పదమే చీలిపోయింది. ఆగిపోయాను. ఎవరూ నవ్వలేదు, వెనక కూర్చున్నవాళ్లు వినబడక ముందుకు జరిగారు. చివరిదాకా చదివాను. గొంతు చీలుతూనే ఉంది. దాన్ని వింటున్నది మాత్రం చీలలేదు.

ఆ నెమ్మది ఇంటిదాకా చెక్కుచెదరకుండా వచ్చిందని చెప్పను. కానీ తిరుగు రైల్లో పక్కాయన ఏం చేస్తారని అడిగితే, బడిలో రికార్డులు రాస్తానని తల దించుకోకుండా జవాబిచ్చాను. నేను పాతికేళ్లు పాఠంగా చెప్పినదాన్ని ఆ అవ్వ ఎండలో, నడుం వంచి, రోజూ బతుకుతోంది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మిరప ఏరే రోజుల్లో ఆమెతో మాట్లాడాలంటే మీరూ ఏరాల్సిందే. నిండు చేతుల చొక్కా వేసుకోండి. చేతులు రెండుసార్లు కడుక్కున్నా మిరప ఘాటు పోదు, కళ్లు తుడుచుకోకండి. ఆ అరుగు మీద నేను తుడుచుకున్నాను.