హారన్ ఉండగా బ్రేకెందుకు

ఒక్క ఊపులో మా తాత జీపునూ, ఒక పెద్దమనిషి కాలునూ విరగ్గొట్టిన ఘనుణ్ణి నేను. నవ్వదలచినవారు నవ్వవచ్చు. నేను మాత్రం నిటారుగా కూర్చునే చెబుతాను.

జమ్మికుంట పక్కన ఇంకా తెరవని బైపాస్ మీద కుర్రకారు డ్రాగ్ రేసులు పెట్టేవారు. ఈ గీత నుంచి ఆ గీతకు ఎవరు ముందు చేరితే వాళ్ళదే గెలుపు. గీత దాటాక ఆగడం ఎవరి తిప్పలు వారివి. మస్కట్ నుంచి వచ్చిన ఒకతను కొత్త కారు తెచ్చి, "దొరల జీపు ఉరుకుతదా, తోసుకొస్తరా?" అన్నాడు. మా కోటలాంటి గడి కూలింది, భూములు పోయాయి, కానీ నా నడుము వంగలేదు. సరేనన్నాను.

"వద్దు," అన్నాడు పక్క సీట్లోని నా దోస్తు సదానందం. "నిన్న నడిపి చూసిన. పెడల్ పత్తి మూట లెక్క దిగుతుంది. బ్రేకాయిల్ కారుతుంది."

"మా తాత బ్రేకు కొట్టంగ ఎవలన్న చూసిండ్రా? హారన్ కొడితే తొవ్వ ఖాళీ అయ్యేది."

"గా హారన్‌కు జరిగేటోళ్ళు ఎప్పుడో సచ్చిండ్రు, దొరా!"

మస్కట్ కారు మాకు దుమ్ము మిగిల్చి గెలిచింది. నేను గీత దాటి బ్రేకు తొక్కాను. పెడల్ చప్పుడు లేకుండా అడుగుకు పోయింది. పంపు కొట్టినట్టు మళ్ళీ మళ్ళీ తొక్కాను. చేతి బ్రేకు లాగితే ఊడి నా చేతికే వచ్చింది. గేరు తగ్గిస్తే జీపు ముసలి బర్రెలా మూలిగిందే గాని ఆగలేదు. రెండు పక్కలా ఇనుప రెయిలింగు. ఎదురుగా రోడ్డు మీద మక్కజొన్నలు ఆరబోసి, కాళ్ళతో తిప్పుతూ మల్లయ్య. మా ఒకప్పటి జీతగాడి కొడుకు.

"ఒర్రు! బ్రేకుల్లేవని ఒర్రు!" అన్నాడు సదానందం.

"మా ఇంట్ల ఎవ్వలూ తొవ్వల ఒర్రరు."

హారన్ కొట్టాను. మల్లయ్య తలెత్తి జీపును గుర్తుపట్టాడు. నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఇంకా గట్టిగా కొట్టాను. ఆయన ఇంకా గట్టిగా నిలబడ్డాడు. ఆ మోతకు చెప్పులు చేతబట్టి పక్కకు దిగిన మనిషి కొడుకాయన. తాను దిగదలచుకోలేదు.

అప్పుడు, మా ఇంట్లో తరతరాలుగా జీతగాళ్ళ నోట వినడమే తప్ప ఎవరూ అనని మాట నా నోట వచ్చింది.

"నీ బాంచెన్ మల్లన్నా! కాల్మొక్త, జరుగే! బ్రేకుల్లేవే!"

మల్లయ్య నోరు తెరిచి నిలబడిపోయాడు. దొర నోట ఆ మాట నమ్మడానికి కొంత సమయం పట్టింది మరి. ఆయన దూకేలోపు బంపరు కాలికి తగిలింది. జీపు మక్కల కుప్పలోకి దూరి పక్కకు ఒరిగింది. సదానందం నెత్తి పగిలింది. నాకు గీత కూడా పడలేదు. అదే సిగ్గు.

మక్కల్లో పాకుతూ వెళ్ళి, నెత్తురోడే ఆ కాలిని రెండు చేతులా పట్టుకున్నాను. అన్న మాట చెల్లించుకున్నట్టయింది.

"నొస్తుందా మల్లన్నా?"

పళ్ళు బిగబట్టి చెప్పాడాయన. "నొయ్యకేమైతది? గా ముక్క జర ముందుగాల అంటే కాలు దక్కుతుండె గద, దొరా!"

ఆయన ఇప్పటికీ కుంటుతాడు. జీపు తుక్కు కింద అమ్ముడుపోయింది. తాత ఫోటో ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఏ బండి ఎక్కినా ముందు బ్రేకు తొక్కి చూస్తాను. అది అడుగుకు దిగితే, బండి కదలకముందే, ఎదురుగా ఎవరున్నా లేకున్నా, బాంచెన్ అంటాను.

నిటారుగా నిలబడే అంటాను.