వెనక నుంచి పిలిచిన గొంతు

దెయ్యాలంటే నాకు నవ్వు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే "చాల్లే" అని లేచిపోయే రకాన్ని. ఇది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మాది పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఊరు. నా తమ్ముడు శీనయ్యకు బ్లడ్ క్యాన్సర్ వస్తే చెన్నైలో స్టెమ్ సెల్ మార్పిడి చేశారు. కణాలు ఇచ్చింది నేనే. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఎండలో తిరగకూడదు, సరస్సు నీళ్లు తగలకూడదు, జలుబున్న వాళ్లు దగ్గరికి రాకూడదు. ఒంటి మీద ఎక్కడ ఎర్రబడినా వెంటనే రావాలి.

వాడు వింటేగా! కాస్త ఓపిక రాగానే పడవ ఎక్కుతానని మొండికేశాడు.

ఆ వారం నాకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. వాడికి అంటుకుంటుందని వాళ్ల వీధి వైపే పోలేదు. ఒక ఉదయం గుమ్మంలో కూర్చుని ఉంటే, వాడు కోపంతో ఊగిపోతూ వచ్చి గేటు బయట నిలబడ్డాడు.

"పడవెక్కే మనిషిని ఎనక నించి పిలుస్తారా ఎవురన్నా? ఈపొద్దు పడవ కదలదంట! నీకిప్పుడు సంతోషమా అక్కా?"

మా వాళ్లలో అది పెద్ద పట్టింపు. వేటకు బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలిస్తే, ఆ రోజు పడవ ఒడ్డున ఉండిపోవాల్సిందే.

నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

"నోరు కుట్టేసుకున్నావా?" అని వాడు చేతులు ఊపాడు. అప్పుడు చూశాను. రెండు అరచేతులూ కారం రుద్దినట్టు ఎర్రగా ఉన్నాయి. తాడు ఒరుసుకుందేమో అనుకున్నాడట, పిచ్చి సన్నాసి! ఆ పూటే చెన్నైకి తీసుకెళ్లాం.

నా కణాలే వాడి ఒంటి మీద తిరగబడ్డాయని డాక్టరమ్మ చెప్పింది. ఆలస్యమైతే పేగులకూ కాలేయానికీ పాకేదట. మందు పెంచితే తగ్గింది. నా ఒంటి నుంచి పోయినవే నా తమ్ముణ్ణి చంపబోయాయని తెలిసి కుళ్లికుళ్లి ఏడ్చాను.

ఆ పడవలో మా ఆయన కూడా ఉన్నాడు. వాణ్ణి ఎక్కించుకోబోయినందుకు ఆయన్ని తర్వాత కడిగేశాననుకోండి, అది వేరే సంగతి. ఆ పొద్దున నేను సైగ చేస్తే గానీ ఆయనకు చద్దన్నం ఎక్కడుందో తెలియలేదు. నాకు గొంతు లేదని బాగా తెలిసిన మనిషి. ఆయనా అదే అంటాడు.

"నీ గొంతే. 'ఒరే చిన్నోడా' అన్నావు. తిరిగి చూస్తే ఒడ్డు మీద ఎవురూ లేరు."

చిన్నోడా అని వాణ్ణి పిలిచేది నేనొక్కదాన్నే.

నా చెవులకే వినపడని గొంతు అంత దూరం ఎలా పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. తమ్ముడు బాగున్నాడు. నేను మాత్రం వాణ్ణి ఆ పేరుతో పిలవడానికి జంకుతున్నాను.