బుడగలు ఆగేదాకా ప్రార్థన

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోను జేబులో పెడితే చొక్కా ఒకవైపుకి వాలిపోయే రోజుల్లో, నాకు తెలియనిదంటూ ఏదీ లేదని నాకు గట్టి నమ్మకం. ఐ.టి.ఐ. పాసై, అనకాపల్లిలో ఒక మోటారు రిపేరు షెడ్డులో చేరి ఏడాది నిండింది. (షెడ్డు యజమాని నన్ను "ఇంజినీరు గారూ" అని పిలిచేవాడు. అది వెక్కిరింపని తెలియడానికి ఇంకొంత కాలం పట్టింది.) మెషిను మీద చెయ్యి వేస్తే అది చెప్పినమాట వినాలి, అంతే. ఆ మెషిను వెనక ఒక మనిషి ప్రాణం వేలాడుతూ ఉంటుందన్న ఆలోచన ఆ వయసులో ఎవడికి వస్తుంది?

మా మేనత్తది పూడిమడక. మావకి సొంత పడవ, దాని వెనక తగిలించే టూ-స్ట్రోక్ మోటారు ఉండేవి. పాత మోటార్లకైతే పెట్రోల్లో ఆయిలు చేత్తో కలిపి పోసేవారు. ఇది కొత్తరకం. ఆయిలుకి వేరే ట్యాంకు, అందులోంచి చిన్న పంపు తనంతట తనే ఇంజిన్‌కి అందిస్తుంది. పేచీ ఒక్కటే. ట్యాంకు ఎండిపోతే గొట్టంలోకి గాలి చేరుతుంది. ఆ గాలి తీయకుండా మళ్ళీ నిండా ఆయిలు పోసినా పంపుకి అందదు, పిస్టన్ బిగుసుకుపోయి ఇంజిన్ పట్టేస్తుంది. మావ చేసింది సరిగ్గా అదే. నడి సముద్రంలో ఇంజిన్ పట్టేస్తే, ఆయనా ఆయన తమ్ముడూ తెడ్లు వేసుకుంటూ మర్నాటికి రాజయ్యపేట ఒడ్డుకి చేరారు. అంతవరకూ అత్త ఇసకలో కూర్చున్నచోటు నుంచి లేవలేదట. ఎవరు అన్నం తెచ్చినా "ఆయన తిన్నాడేటి?" అని అడిగిందట.

షెడ్డులో కొత్త పిస్టన్ వేసి, ఆ మోటారుని ఆటోలో పూడిమడక తీసుకెళ్ళే పని నాకే పడింది. ఇసక మీద ఉన్న పడవకి బిగించి, ట్యాంకులో ఆయిలు పోసి, ఇక గాలి తీయడం మొదలుపెట్టాను. అత్త వచ్చి పక్కన నిలబడింది.

"గాలి పోయిందని ఎలాగ తెలుత్తాదిరా అల్లుడా?"

"ఈ గొట్టం సూడత్తా, లోపలున్నది కనపడతంది కదా. బుడగలు వత్తన్నంతసేపూ గాలున్నట్టే. ఆగిపోతే స్క్రూ బిగించీడమే."

"ఒక్కటుండిపోతే?"

"మళ్ళీ పట్టీగలదు," అన్నాను, వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా.

పంపు దగ్గర చిన్న స్క్రూ ఊడదీసి, కింద అత్త ఇచ్చిన కూరగిన్నె పెట్టాను. ఆయిలు బుడబుడమంటూ రావడం మొదలైంది. సరిగ్గా అప్పుడే చర్చి సంఘపెద్ద వచ్చాడు, వెనకే ఊళ్ళోవాళ్ళు. ప్రార్థన చేయకుండా పడవ నీళ్ళలో దిగడానికి వీల్లేదని అత్తే కబురు పెట్టింది. ఊళ్ళో ఆయన్ని ఇంకొక్కమాట తాత అనేవారు. ప్రార్థన ముగిసిందని అందరూ ఊపిరి పీల్చుకునేసరికి "ఇంకొక్క మాట ప్రభువా" అనేవాడు. ఆ మాట పావుగంట ఉండేది.

"కళ్ళు ముయ్యండి," అన్నాడు తాత. నేను బొటనవేలితో ఆ కన్నం మూసి, కళ్ళు కూడా మూశాను. ప్రార్థనలో కళ్ళు తెరిస్తే మా అమ్మ వీపు చిట్లగొట్టేది. (నేను తెరిచినట్టు ఆమెకెలా తెలిసిందో అడిగే తెలివి చిన్నప్పుడు లేదు.) మోటారు కోసం, వల కోసం, విశాఖపట్నంలో నర్సు చదువుతున్న తన మనవరాలి కోసం ప్రార్థించి, "అందరూ సేతులు పైకెత్తండి" అన్నాడు తాత. ఒక చెయ్యి ఎత్తాను. "రొండు సేతులూ, బాబూ," అన్నాడు. (కళ్ళు మూసుకున్న ఆయనకి నా చెయ్యి ఎలా కనపడిందో!) రెండోదీ ఎత్తాను. స్క్రూ గుప్పిట్లో పట్టుకుని ఆకాశం వైపు చేతులు చాచాను.

గిన్నెలో ఆయిలు పడుతున్న చప్పుడు చెవిలో మోగుతోంది. తెచ్చిన డబ్బా ఒక్కటే. ట్యాంకు ఖాళీ అయిందా, గొట్టంలోకి మళ్ళీ గాలి చేరి కథ మొదటికొస్తుంది. కళ్ళు తెరవాలంటే భయం, తెరవకపోతే అంతకన్నా భయం. తెడ్డు పట్టుకుని అలసిపోయిన మావ ముఖం మొదటిసారి నా కళ్ళముందు కదిలింది. నిజంగా ప్రార్థించాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఎప్పుడూ ప్రార్థించలేదు.

"ఇంకొక్క మాట..." అని తాత మొదలుపెట్టాడో లేదో, "ఆమేన్!" అని అత్త గొంతు ఖంగుమంది. అలవాటు కొద్దీ అందరూ ఆమేన్ అనేశారు. అన్న ఆమేన్ వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు. తాత నోరు తెరిచినట్టే ఉండిపోయింది. నేను కళ్ళు తెరిచేసరికి గొట్టంలో ఒక్క బుడగ లేదు, ట్యాంకులో అడుగున కాస్త ఆయిలు మిగిలింది. గబగబా స్క్రూ బిగించి, గిన్నెలోది పలచటి గుడ్డలో వడకట్టి మళ్ళీ పోశాను. "దుక్కం ఆపుకోనేకపోనాది పాపం," అన్నారు ఆడవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను. మావ వేటకెళ్ళి సాయంత్రానికి వచ్చేశాడు. అత్త అంతసేపూ ఇసకలోనే ఉంది.

చాలా ఏళ్ళ తరవాత, అత్త చింతపండు పిక్కలు తీస్తూ ఉంటే అడిగాను, ఆ రోజు తాతకి అడ్డం ఎందుకు వెళ్ళావని. అత్త తల ఎత్తలేదు. "బుడగలు ఆగిపోనాయి కదరా. ఇంకెందుకు?" అంది.

ఊరంతా కళ్ళు మూసుకుంటే, ఊళ్ళో అందరికన్నా భక్తిపరురాలు కళ్ళు తెరుచుకుని గొట్టం వంకే చూస్తూ నిలబడిందన్నమాట.

ఇప్పుడు అత్త లేదు. నాకు సొంత షెడ్డు ఉంది. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే నా కన్ను ఒకటి తెరుచుకునే ఉంటుంది. మా ఆవిడ గిల్లుతూనే ఉంటుంది. ఏం చెప్పను? నాకు వచ్చిన భక్తి అత్త దగ్గర నేర్చుకున్నదే.