రిజిస్టరులో హెల్పర్

మా ఆయన పోయాక కూడా నేను గరిటెలు చెక్కడం మానలేదు. ఉదయగిరిలో మా వీధి అంతా అదే పని. కొండ మీది నర్ది చెట్టు కర్ర తెచ్చుకోవడం, బాడిసెతో చెక్కడం, ఆకురాయితో రుద్దడం. గరిటెకు ఇంత అని ఇచ్చేవాళ్ళు. రోజంతా వంగి కూర్చున్నా మూడొందలు చూడటం కష్టం. అందుకే ఆత్మకూరులో కంప్యూటర్‌తో కర్ర కోసే మిషన్ పెట్టారని, నెల జీతానికి మనుషులు కావాలని వినగానే పోయి చేరాను. ఆడవాళ్ళకు బస్సులో టికెట్ తీసేశారు కాబట్టి ఖర్చు లేదు. పొద్దు మాత్రం బస్సులోనే సగం పోతుంది.

నా పని కర్ర ముక్కల్ని మిషన్ బల్ల మీద బిగించడం, కోసిన గరిటెల్ని తీయడం. తొమ్మిది వేలు. మిషన్ నడిపే ఆపరేటర్‌కు పదిహేను వేలు. గరిటె బొమ్మ కంప్యూటర్‌లో గీసి, కత్తి ఎటు తిరగాలో మిషన్‌కు చెప్పే అమ్మాయికి ఇరవై రెండు వేలు. ఆ అమ్మాయిది వరికుంటపాడు, డిప్లొమా చదివింది. ఆమె జీతం చూసి నేను ఏడవలేదు. చదువుకుంది, కళ్ళు ఎర్రబడేదాకా ఆ తెర ముందే కూర్చుంటుంది.

బెంగళూరు నుంచి అయిదొందల అన్నం గరిటెలకు ఆర్డర్ వచ్చింది. కోసినవి కోసినట్టే మెడ దగ్గర విరుగుతున్నాయి. ఆ అమ్మాయి రెండు రోజులు బొమ్మ మార్చి మార్చి చూసింది.

"మెడ ఇంకా లావు చేసినాను పెద్దమ్మా. అయినా విరగతానే ఉండాది," అంది.

"నువ్వెంత లావు చేసినా అంతే పాపా. ముక్కే తిరగబడి ఉండాది."

"అన్నీ ఒకే సైజు కదా, తిరగబడేదేంది?"

కర్రలో నార నిటారుగా పోదు, కొంచెం ఏటవాలుగా పోతుంది. గరిటె మెడ ఎటు వంగుతుందో నార కూడా అటే వాలాలి. లేకపోతే మెడ దగ్గర నార తెగుతుంది, తెగిన చోట గరిటె విరుగుతుంది. బొటనవేలు తడి చేసుకుని ముక్క పక్కన రుద్దితే నార ఎటు పోతుందో నాకు తెలుస్తుంది. మరి ముందే ఎందుకు చెప్పలేదంటే, కోత మిల్లు వాళ్ళు వేసిన రంగు గుర్తు పైకి పెట్టమని మొదటిరోజే ఆపరేటర్ చెప్పాడు. కంప్యూటర్‌కు అలాగే కావాలేమో అనుకుని నోరు మూసుకున్నాను.

ఆ పూట నా లెక్కన బిగించాను. ఒక్కటి విరగలేదు. ఆర్డర్ వెళ్ళింది. యజమాని అందరికీ మైసూరుపాకు పంచాడు.

నెల చివర జీతం పెరిగింది. నాది కాదు, ఆ అమ్మాయిది. ముప్పై వేలయింది. ఆమే నాకు చెప్పింది.

"మద్రాసు కంపెనీ వాళ్ళు ముప్పై ఇస్తామన్నారు పెద్దమ్మా. పోతానని సార్‌కు చెప్పినాను, అంతే. నిజానికి నాకు పోవాలనే లేదు. మా నాయనకు ఒంట్లో బాగలేదు."

"నేనూ పోతానంటే?"

"యాడికి పోతావని అడగతాడు."

అది నిజమే. నిజం కాబట్టే ఒళ్ళు మండింది. యజమాని గదిలోకి పోయాను. జీతాల రిజిస్టరు ముందరే ఉంది, నా పేరు పక్కన హెల్పర్ అని.

"సార్, నన్ను స్కిల్డ్ అని రాయండి. ఆపరేటర్‌కు ఇచ్చేది ఇయ్యండి."

"సర్టిఫికెట్ ఉండాదా అమ్మా?"

"విరగని గరిటెలు ఉండాయి."

నవ్వాడు. "ఆడిట్‌కు వచ్చినోళ్ళకు గరిటె చూపిచ్చేదానికి కుదరదు కదమ్మా. కాగితం కావాల."

మర్నాడు నా బల్ల మీద ఒక చాక్ డబ్బా పెట్టాడు. "పైకి రావాల్సిన పక్కన ఒక గీత గీయి, చాలు. ఎవరైనా బిగిస్తారు. నార ఎటు పోతాదో ఎట్టా చూస్తావో ఆ కంప్యూటర్ పిల్లకు కూడా నేర్పించు."

"హెల్పర్‌కు అవన్నీ ఏం తెలుస్తాయి సార్," అన్నాను. "హెల్పర్ రంగు గుర్తు పైకి పెడతాది. మీరు చెప్పిందే."

రెండు రోజులు అలాగే పెట్టాను. మంచి నర్ది కర్ర కళ్ళముందే పాడవుతుంటే, విరిగిన ముక్కల్ని నేనే ఏరి పక్కన పెట్టాను. అన్నేళ్ళు ఒక్కో ముక్క చూసి చూసి వాడుకున్నదాన్ని. అయినా చెయ్యి తిప్పలేదు. మూడోరోజు యజమానే వచ్చాడు. పన్నెండు వేలు చేస్తానన్నాడు. రిజిస్టరులో మాత్రం హెల్పర్ అనే ఉంటుందట. ఆ మాట మార్చడం తన చేతిలో లేదట.

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేయను. ఇప్పుడు ముక్కలు సరిగానే బిగిస్తున్నాను. గీత మాత్రం గీయను.

మొన్న అన్నం తింటుంటే ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. "సార్‌కు చెప్పనులే. నాకొక్కదానికే నేర్పు పెద్దమ్మా."

"నేర్పుతాను. నువ్వు నేర్చుకున్నాక సార్ ఈ పెంచిన మూడు వేలు కోయడని చెప్పు."

ఆమె గిన్నె మూత పెట్టి, పోయి తెర ముందు కూర్చుంది. నేను ఇంకో ముక్క తీసి, బొటనవేలు తడి చేసుకున్నాను.