డౌటు మామయ్య, వెనక చక్రం చప్పుడు

డౌటు మామయ్య దేన్నీ నమ్మడు. ఎండ కాస్తుంటే గొడుగు పట్టుకెళ్తాడు. వాన కురుస్తుంటే ఇది నిజం వానేనా, మేడ మీదనుంచి ఎవరైనా నీళ్లు పారబోస్తున్నారా అని తలెత్తి చూస్తాడు. అత్తయ్య కాఫీ గ్లాసు చేతికిస్తే ముందు ఆవిడ మొహం చూస్తాడు, తర్వాత గ్లాసులోకి చూస్తాడు, వాసన చూస్తాడు, అప్పుడు గుటకేస్తాడు. "ఇన్నేళ్లు కాపురం చేశాను, విషం పెట్టేదాన్నయితే ఇంతకాలం ఆగుతానా?" అని ఆవిడ దెప్పితే, "నా డౌటూ అదే. ఇంతకాలం ఎందుకాగావు?" అంటాడు.

వృత్తి సైకిళ్ల మెకానిక్కు. మామూలు సైకిళ్లు కావు. కొండలెక్కి దిగే లావుపాటి టైర్లవి, ముందు చక్రానికి కుదుపులు మింగే షాకులున్నవి, ఒక్కోటి ఒక్కో పెళ్లికొడుకులా ముస్తాబై ఉండేవి. ఊళ్లో గుట్ట మీద సైకిలు రేసులాడే 'గుట్ట టీము' సామానంతా ఆయన చేతి కిందే. కొత్త సామాను వచ్చిందంటే అట్టపెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, చెవి ఆనించి విని, అప్పుడు గానీ కత్తెర పెట్టడు. రేసు సైకిలు హ్యాండిలు వేలితో కొట్టి, "దీని గొంతు బాలేదు, పగులుంది" అంటాడు. పది హ్యాండిళ్లలో తొమ్మిదికి పగులుండదు. పదో దానికి కూడా ఒక్కోసారి ఉండదు. అయినా ఆయన కొడుతూనే ఉంటాడు.

హెల్మెట్ల సంగతి మరీ చోద్యం. వాటిని బల్ల మీద పెట్టి పరీక్ష చేయడు, తల మీద ఉండగానే చేస్తాడు. ప్రాక్టీసుకి బయల్దేరే ముందు అందరూ వరసలో నిలబడాలి. మామయ్య ఒక్కొక్కరి నెత్తిన వేలి కణుపుతో రెండు మొట్టికాయలు మొట్టి, తల పక్కకి వంచి వింటాడు. టీములో మామయ్య కన్నా వయసులో పెద్దవాడైన పళ్ల డాక్టరు కూడా ఆయన్ని 'మామయ్యా' అనే పిలుస్తాడు, మొట్టికాయలూ బుద్ధిగా తింటాడు. "ఎక్కడో తేడా కొడుతోంది," అంటాడు మామయ్య ప్రతి తలకీ. తేడా హెల్మెట్‌లోనా, తలలోనా అన్నది మాత్రం చెప్పడు.

ఈ జబ్బు టీము సైకిళ్లకే పరిమితమైతే బాగుండేది. వీధిలో ఎవరి సైకిలు ఆగి ఉన్నా బ్రేకులు నొక్కి చూడకుండా ముందుకి కదలడు. ఒకసారి మందుల షాపు ముందు ఎవరిదో బండి నొక్కుతుంటే, ఆసామి లోపలినుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్! నా సైకిలుతో ఏం చేస్తున్నావు?"

"నేను కాదండీ చేస్తోంది, మీ వెనక బ్రేకు. మీకు తెలీకుండా మిమ్మల్ని మోసం చేస్తోంది."

"దొంగ మొహం నువ్వూనూ!"

"చూశారా, నన్ను వెంటనే అనుమానించారు. బ్రేకునెందుకు అనుమానించలేదు?"

ఆసామి బండి లాక్కుని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా ఆయనే బండి తోసుకుంటూ మామయ్య షాపుకొచ్చాడు. "ఎందుకొచ్చాడంటావు?" అని మామయ్య ఆ రోజంతా అత్తయ్యని వేధించాడు.

గుట్ట టీముకి కెప్టెను ఆయన మేనకోడలే. సొంత అక్క కూతురు. చిన్నప్పుడు మూడు చక్రాల బండెక్కిన రోజునుంచి మామయ్య మొట్టికాయలు తింటూ పెరిగిన పిల్ల. ఆ పిల్లకి గుట్ట మీద బురదలో దొర్లడమంటే ప్రాణం. కానీ గుట్ట దాకా చేరాలంటే పనికొచ్చే దారి ఒక్కటే, ఏటిగట్టు వెంట వెళ్లే కాలిబాట. రెండోది లారీలు బుసలుకొట్టే పెద్ద రోడ్డు. ఆ రోడ్డెక్కితే టీములో సగం మందిని ఇళ్లలో గడప దాటనివ్వరు. కాలిబాట పోతే టీము పోయినట్టే.

ఆ బాట సైకిళ్లకీ, నడిచేవాళ్లకీ ఉమ్మడి. అందులో వంతెన దగ్గర్నుంచి కుళాయి దాకా పెద్దవాళ్లు గుంపుగా నడుస్తుంటారు. అక్కడికొచ్చేసరికి టీము మొత్తం పెడల్ తొక్కడం ఆపేసి, ఊరికే బండిని దొర్లనిస్తుంది. ఇది మామయ్య ఆజ్ఞ.

"ఆ ముక్కలో నేల నాకు నచ్చలేదు. తొక్కితే చైను తెగుతుంది," అని ఒకనాడు ప్రకటించాడు.

"నేల బాగానే ఉంది కదా మామయ్యా?" అన్నాడు టీములోని పొడుగోడు.

"బాగానే ఉన్నట్టు కనిపిస్తోంది. అదే నా అనుమానం."

ఒకసారి పొడుగోడు మొండికేసి అక్కడ తొక్కాడు. నిజంగానే చైను తెగింది. అది తుప్పు పట్టిన చైను, ఎక్కడైనా తెగేదే. కానీ ఆ రోజునుంచి వంతెన కనిపిస్తే చాలు, అందరి కాళ్లూ వాటంతటవే ఆగిపోయేవి.

ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాతే మేనకోడలి మనసుని పురుగు తొలిచేయడం మొదలైంది. టీము బండ్ల వెనక చక్రాలు చప్పుడు చేస్తున్నాయి. తొక్కుతున్నంతసేపూ పిల్లుల్లా ఉంటాయి, కాళ్లాపితే చాలు, 'టకటకటకటక' అని రేకు డబ్బాలో కందులు పోసి ఊపినట్టు మోత. నెలనెలా ఆ మోత పెరుగుతోంది. ఊళ్లోని రెండో టీము, నల్ల జెర్సీలవాళ్లు, గాలికి కూడా తెలీకుండా పక్కనుంచి దూసుకుపోతూ, "ఏంటమ్మా, కుట్టుమిషన్ల పోటీకా?" అని నవ్వుతున్నారు.

"మామయ్యా, వెనక చక్రం ఎందుకిలా మోగుతోంది?"

"ఏ చక్రం?"

"అన్నీ!"

"అన్నీ మోగుతున్నాయంటే అది మామూలే అన్నమాట. ఒక్కటే మోగితే అనుమానించాలి." అంటూనే మామయ్య గుడ్డ తీసుకుని ఎప్పుడో మెరిసిపోయిన పానాని మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

లోకాన్నంతా అనుమానించే మనిషి చక్రాన్ని అనుమానించకపోవడమా! మేనకోడలికి అక్కడే తేడా కొట్టింది. దానికి తోడు మామయ్య ఈమధ్య పొద్దున్నే ఏటిగట్టుకి పోతున్నాడు. నడిచేవాళ్ల సంఘం అధ్యక్షురాలు, రిటైరైన లెక్కల టీచరమ్మ పక్కన బెంచీ మీద కూర్చుని ఆవిడ చెవి దగ్గర ఏదో చెబుతున్నాడు. అడిగితే, "నిఘా వేశాను," అంటాడు. ఎవరి మీదో చెప్పడు.

ఇంతలో పిడుగులాంటి వార్త. ఏటిగట్టు బాట మీద సైకిళ్లని పూర్తిగా ఆపేయాలని నడిచేవాళ్ల సంఘం పార్కుల ఆఫీసుకి అర్జీ పెట్టింది. మొదటి సంతకం లెక్కల టీచరమ్మదే. ఆదివారం మీటింగు.

ఆ శుక్రవారం పోస్టుమ్యాను రోజూ వచ్చే సందులోంచి కాకుండా వేరే సందులోంచి వచ్చాడని, మామయ్య షాపు వదిలేసి అతని వెనకాలే పోయాడు. అదే అదనుగా మేనకోడలు తన బండి వెనక చక్రం ఊడదీసింది. మధ్యలో ఉండే ఫ్రీవీల్ విప్పి చూసి నోరు తెరిచింది. లోపల గ్రీజు చుక్క లేదు. ఎవరో శ్రద్ధగా గుడ్డతో తుడిచి, పేరుకి ఒక్క బొట్టు పల్చటి నూనె వేశారు. గ్రీజుంటే చప్పుడు లోపలే అణిగిపోతుంది, లేకపోతే పళ్లు టకటకలాడతాయి. పళ్ల డాక్టరు బండి విప్పింది. అదే కథ. పొడుగోడిదీ అంతే.

"ఇంటిదొంగ," అన్నాడు పొడుగోడు గొంతు తగ్గించి. "వాళ్లతో కలిసిపోయాడు. మన బండ్లు మోగితే జనానికి చిరాకేస్తుంది, అర్జీకి బలం వస్తుంది. ఎంత తెలివి!"

"నోర్ముయ్. మా మామయ్య అలాంటివాడు కాదు," అంది మేనకోడలు. అంది గానీ ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు. డబ్బా తెరిచి అన్ని చక్రాలకీ దట్టంగా గ్రీజు కూరింది. మామయ్య తిరిగొచ్చేసరికి బండ్లన్నీ యథాస్థానంలో ఉన్నాయి. "పోస్టుమ్యాను సంగతేమైంది?" అని అడిగితే, "ఆ సందులో వాళ్ల చెల్లెలి ఇల్లుందట. అలా అని చెప్పాడు," అన్నాడు మామయ్య నమ్మని మొహంతో.

శనివారం పొద్దున టీము గట్టెక్కింది. వంతెన రాగానే అలవాటు ప్రకారం అందరి కాళ్లూ ఆగాయి. బండ్లు వెన్న మీద కత్తిలా జారుతున్నాయి. చప్పుడన్నది లేదు. మేనకోడలు గర్వంగా బెల్లు కొట్టింది. 'టింగ్'. ముందు నడుస్తున్న లెక్కల టీచరమ్మ పక్కకి జరగలేదు. మళ్లీ కొట్టింది. ఆవిడ జరక్కపోగా, ఏదో గుర్తొచ్చినట్టు సరిగ్గా బాటకి అడ్డంగా తిరిగింది.

మేనకోడలు హ్యాండిలు పక్కకి తిప్పి, కంచెని గుద్దుకుని, పొదల్లోకి ఎగిరి పడింది. వెనకొచ్చినవాళ్లు ఒకరి మీద ఒకరు కుప్పగా పడ్డారు. టీచరమ్మకి గీత కూడా పడలేదు గానీ, కర్ర మాత్రం గాల్లోకి లేచింది.

"చంపేద్దామనుకున్నావా పిల్లా? నీ టకటక ఏది?"

"బెల్లు కొట్టాను టీచరమ్మగారూ, రెండుసార్లు!"

"నీ బెల్లు ఎవడికి కావాలి! ఆ సన్నచప్పుడు నా చెవికెక్కి ఎన్నాళ్లయింది? టకటక వినిపిస్తే పక్కకి జరుగుతాను. రోజూ అలాగే జరుగుతున్నాను. ఇవాళ ఆ మోత ఎందుకు తీసేశావు?"

మేనకోడలు పొదలోంచి లేవడం కూడా మర్చిపోయింది.

"అసలు ఈ మోత సంగతి మీకెవరు..."

"ఉన్నాడుగా మీ మామయ్య! మొదట్లో ఆయన్ని చూసి హడలిపోయాం. రోజూ చప్పుడు చేయకుండా వెనకాలే వస్తాడు. ఒకరోజు బెల్లు మోగిస్తాడు, ఒకరోజు తాళంచెవులు ఊపుతాడు, ఒకరోజు ఉత్త చక్రం చంకలో పెట్టుకొచ్చి తిప్పుతాడు. 'వినిపించిందా? ఏ చెవికి?' అని అడుగుతాడు. నా చెవిపోగుల మీద కన్నేశాడేమోనని నెల్లాళ్లు పర్సులో దాచుకుని తిరిగాను. తర్వాత తెలిసింది, కన్ను చెవి మీదేనని. అందరికీ వినిపించింది ఆ చక్రమొక్కటే."

మేనకోడలు గీసుకుపోయిన మోచేత్తో నేరుగా షాపుకెళ్లింది. మామయ్య దూది తీసి మందు రాస్తూ, సీసా మీద తేదీ రెండుసార్లు చదివాడు.

"ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"ఏం చెప్పాలి?"

"గ్రీజు సంగతి!"

మామయ్య దూది పక్కన పెట్టాడు. "చెబితే ఏమయ్యేది? మీలో సగం మంది బెల్లు కొట్టరు. కొట్టినా పెద్దవాళ్ల చెవులకి అందదు. చక్రం చప్పుడు చేస్తే రేసుగాళ్లకి నామోషీ. నేను చెప్పిన మర్నాడే గ్రీజు కూరేస్తారు. మీ మీద నాకు నమ్మకం లేదు."

"కూరేశాం," అంది మేనకోడలు నేల చూపులు చూస్తూ. "నిన్ననే. నువ్వు వాళ్లతో కలిసిపోయావనుకున్నాం."

"చూశావా!" మామయ్య మొహం వెలిగిపోయింది. తనని అనుమానించారన్న బాధ వెతికినా కనిపించలేదు. తన అనుమానం నిజమైనందుకు ఆయన పొంగిపోయాడు. "అక్క కూతురివి అనిపించుకున్నావు! మొదటిసారి ఒకరిని సరిగ్గా అనుమానించావు. తప్పు మనిషిని అనుకో, అది వేరే సంగతి."

"మరి అక్కడ తొక్కితే చైను తెగుతుందన్నది?"

"కాళ్లు ఆపితేనే కదే టకటక. అయినా చైను ఎప్పుడు తెగుతుందో ఎవడు చెప్పగలడు?"

ఆ పిల్లకి నవ్వూ, ఏడుపూ కలిసొచ్చాయి. "ఇంతమందిలో నామీదైనా నమ్మకముందా నీకు?"

మామయ్య మందు సీసా మూత బిగించి, బిగిసిందో లేదో మళ్లీ తిప్పి చూశాడు. "పడితే లేస్తావు. అంతవరకూ నమ్ముతాను. అంతకు మించి అడక్కు."

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి చక్రాలన్నీ విప్పి గ్రీజు తుడిచారు. పొడుగోడు చెప్పకుండానే వచ్చి గుడ్డలు అందించాడు.

మీటింగులో నల్ల జెర్సీలవాళ్లు ముందు వరసలో, మామయ్య తలుపు పక్కన కూర్చున్నారు. పార్కుల అధికారి అర్జీ చదివి, "అయితే సైకిళ్లు పూర్తిగా ఆపేద్దామా?" అన్నాడు. లెక్కల టీచరమ్మ కర్ర ఊనుకుని లేచింది.

"ఒక్క సవరణ. సంతకం పెట్టినప్పుడు అందరినీ ఒకే గాట కట్టాను, అది నా పొరపాటు. పిల్లుల్లా వచ్చి మీద పడేవాళ్లని ఆపండి. టకటకవాళ్లు ఉండాల్సిందే. నిన్న ఒక్కరోజు వాళ్ల మోత లేకపోతే నా ప్రాణం మీదకొచ్చింది."

మేనకోడలు లేచి నిలబడింది. "ఆ మోత తీసేసింది నేనేనండీ. మళ్లీ పెట్టేశాం. ఇంకెప్పుడూ తీయం."

"ఇంతకీ ఈ మోత ఏర్పాటు ఎవరిది?" అన్నాడు అధికారి.

అందరి తలలూ తలుపు వైపు తిరిగాయి. మామయ్య కుర్చీలోంచి సగం లేచాడు.

"నాకేం తెలీదు. ఎందుకడుగుతున్నారు?"

"మెచ్చుకుందామని."

"మెచ్చుకోవడానికా? ఎందుకూ?" అని మామయ్య గోడవారగా జరిగి, ఎవరూ పట్టుకోకముందే బయటపడ్డాడు.

బాట మిగిలింది. చప్పుడు చేసే సైకిళ్లకే అనుమతి అని బోర్డు పెట్టారు. మర్నాడు నల్ల జెర్సీలవాళ్లు తలలొంచుకుని మామయ్య షాపు ముందు వరస కట్టారు. ఆయన వాళ్ల బ్రేకులు కూడా నొక్కి చూసి, "ఇంత పెద్ద టీము నా దగ్గరికెందుకొచ్చింది?" అని అత్తయ్యని అడిగాడు. ఆవిడ కాఫీ గ్లాసు అందించి లోపలికెళ్లిపోయింది. ఆయన వాసన చూసి తాగాడు.

ఆ తర్వాతి ప్రాక్టీసుకి అందరికన్నా ముందు మేనకోడలే వరసలో నిలబడి, అడక్కుండానే తల ముందుకి వంచింది. మామయ్య హెల్మెట్ మీద రెండు మొట్టికాయలు మొట్టి, తల వంచి విన్నాడు. మరోసారి మొట్టాడు.

"ఎక్కడో తేడా కొడుతోంది."

"ఏమైంది మామయ్యా, పగిలిందా?"

"లేదు. ఇన్నాళ్లూ ఖాళీగా మోగేది. ఇవాళ లోపల ఏదో ఉన్నట్టుంది."