కిందికి గీసిన గీత

మా బావను వీధిలో అందరూ గీతలాయన అంటారు. చేతి గీతలు చూసి జాతకం చెప్తాడనుకునేరు, అదేం కాదు. ఆయనది నెట్ షాపు. ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు, పరీక్షల దరఖాస్తులు, బస్సు టికెట్లు, ఇలా కంప్యూటర్ అంటే బెదిరిపోయేవాళ్లంతా ఆయన దగ్గరికే వస్తారు. పక్క బల్ల మీద జిరాక్స్ మిషన్ నాది. నేను ఆయన మరదల్ని. నా నోటికి ఆయనా, ఆయన గీతలకు నేనూ అలవాటుపడిపోయాం.

గీతలంటే ఇవి. ఆయన తన బ్రౌజర్‌కు ఏదో యాడ్-ఆన్ తగిలించుకున్నాడు. మౌస్ కుడి బటన్ నొక్కిపట్టి ఎడమకు గీస్తే వెనకటి పేజీ వస్తుంది. కిందికి గీస్తే కొత్త ట్యాబ్ తెరుచుకుంటుంది. కిందికి గీసి కుడికి తిప్పితే ఉన్న ట్యాబ్ మూసుకుపోతుంది. పొరపాటున మూసినదాన్ని మళ్లీ తెరవాలంటే పైకి ఒక గీత. పేర్లూ చిరునామాలూ తనంతట తానే నింపే యాడ్-ఆన్ ఇంకొకటి. మనం బాణం గుర్తు ఎక్కడుందా అని వెతుక్కునేలోపు ఈయన ఈగను తోలినట్టు చెయ్యి ఆడించి పని ముగించేస్తాడు.

"ఆ బటన్లు పెట్టినవాళ్లు వెర్రివాళ్లా బావా? అందరిలా నొక్కితే అరిగిపోతావా?" అని దెప్పేదాన్ని.

"నువ్వు నొక్కేలోపు నేను టీ తాగొస్తానే" అనేవాడు. నిజంగానే తాగొచ్చేవాడు కూడా.

ఇక మా అక్క. ఇంట్లో బట్టలు కుడుతుంది. కొంతకాలంగా చూపు మసకబారుతోంది. మొదట్లో సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచేది. తర్వాత తర్వాత చేతిలో ఉన్న గుడ్డ ఏ రంగో కూడా అడగడం మొదలుపెట్టింది. కంటి డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆపరేషన్ ఈ నెలలోనే జరగాలి, దాటితే ఉన్న చూపు కూడా దక్కదట. మా తాహతుకు ఉచిత ఆసుపత్రి ఒక్కటే దిక్కు. అక్కడ ఆపరేషన్ తేదీలు నెలకోసారి నెట్‌లో వదులుతారు. పేజీ తెరిచి వరుసలో ఉండాలి. మన వంతు రాగానే మెయిల్‌కి ఒక కోడ్ వస్తుంది, వెంటనే అది కొట్టాలి. కాస్త అటూ ఇటూ అయితే అంతే సంగతులు. బావ ఎంతమందికి ఇప్పించాడో! అందుకే అక్కకు బెంగ లేదు.

"మీ బావ ఉండగా నాకేం భయమే" అనేది.

ఆ పొద్దున షాపులో ఒక పెద్దావిడ కూడా ఉంది, ఆవిడా కంటి తేదీ కోసమే వచ్చింది. ఒక కంప్యూటర్లో ఆవిడ పేజీ, పక్కదాంట్లో అక్క పేజీ తెరిచి పెట్టాడు బావ. ముందు పెద్దావిడ వంతు వచ్చింది. చకచకా గీశాడు, కోడ్ కొట్టాడు, తేదీ వచ్చేసింది.

"నీ హస్తవాసి మంచిది నాయనా" అని ఆవిడ దీవించి వెళ్లింది.

ఆ వెంటనే అక్క వంతు వచ్చింది. మెయిల్ చూడటానికి కొత్త ట్యాబ్ కావాలి. కిందికి ఒక్క గీత చాలు. ఆయన నిద్రలో కూడా గీయగలడు. కానీ చెయ్యి వణికింది. నా కళ్లారా చూశాను. కిందికి దిగిన గీత చివర్లో కుడికి జరిగింది. ఆసుపత్రి పేజీ కాస్తా మూసుకుపోయింది.

"అయ్యో బావా!" అన్నాను.

గబుక్కున పైకి గీశాడు. పేజీ తిరిగొచ్చింది గానీ వంతు రాలేదు. మమ్మల్ని వరుస చివరికి నెట్టేసింది.

"ఇవాళొక్క రోజు కొత్త ట్యాబ్‌కి ఆ ప్లస్ గుర్తు మీద నొక్కి ఉంటే నీ సొమ్మేం పోయేది?" అని అరిచేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఆన్‌లైన్లోనే చూసుకోండి అని పెట్టేశారు. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పరాయివాళ్లకు ఏనాడూ వణకని చెయ్యి కట్టుకున్న పెళ్లానికి వణికింది. ఎవర్ని తిట్టను?

ఇంతలో తెర మీద అక్షరాలు పడ్డాయి. ఈ నెల తేదీలన్నీ అయిపోయాయట.

ఇంట్లో ఉండబట్టలేక కాబోలు, సరిగ్గా అప్పుడే అక్క గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చింది. తెర వైపే చూస్తోంది. అంత దూరం నుంచి ఆమెకు తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనబడదు.

"ఏవండీ, తేదీ ఎప్పటికిచ్చారు?" అంది.

బావ మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. "పేజీ ఇంకా తిరుగుతోంది" అన్నాడు.

అక్క నా వైపు తిరిగింది. నా కడుపులో ఏ మాటా దాగదని ఆమెకు తెలుసు.

"ఏమే, నిజమేనా?"

"అవునక్కా, తిరుగుతోంది" అన్నాను.

"సరేలే, తిరగనీ. తొందరేముంది?" అంటూ స్టూలు తడుముకుని దగ్గరికి లాక్కుని, బావ పక్కనే కూర్చుంది.